పరుపుల కొట్టు పిల్లికి పీల్చే మందు

నేను మందుల షాపులో పనిచేస్తాను. మా వీధిలో సగం మంది తమ కడుపునొప్పులూ కళ్ల మంటలూ డాక్టరు కంటే ముందు నాకే చెప్పుకుంటారు. ఏ మాత్ర తిండికి ముందు, ఏది తర్వాత, ఏది మధ్యలో మానకూడదు అని నేను చెబితే బుద్ధిగా తలూపి వెళ్తారు. ఇంటికొచ్చేసరికి మాత్రం నా మాటకు చిల్లిగవ్వ విలువ ఉండదు. ఎందుకంటే ఇంట్లో మా అమ్మ ఉంటుంది.

అమ్మ పరుపులు కుడుతుంది. వీధిలో అందరికీ ఆవిడ పరుపులమ్మ. మా ఇంటి ముందు గదే కొట్టు. గోడవారన దూది మూటలు, మధ్యలో దూది ఏకే మిషను, కిటికీ కింద అమ్మ కూర్చునే చాప, దాని మీద జానెడు దబ్బనం, పురికొస ఉండలు. మిషను తిప్పితే దూది నూగు లేచి ఎదురుగా ఉన్న మనిషి కూడా సరిగ్గా కనిపించడు. పాత పరుపు విప్పినప్పుడైతే చెప్పనక్కర్లేదు, ఎవరెవరి ఇళ్ల దుమ్మో మా ముక్కుల్లోకి వస్తుంది. అమ్మ ఆ దుమ్ములోనే కాపురం చేసింది, నన్ను పెంచింది, ఆయాసం తెచ్చుకుంది.

ఆయాసం అనకూడదు, అంటే ఆవిడకు కోపం. "కాస్త ఒగర్పు, అంతే" అంటుంది. ఆ కాస్త ఒగర్పుతో రెండు మెట్లెక్కితే మూడో మెట్టు మీద కూర్చుంటుంది. మాట మధ్యలో ఆగి, ఊపిరి తెచ్చుకుని, మళ్లీ మాట అందుకుంటుంది. ఊరందరికీ పరుపులు కుట్టిపెట్టే మనిషి తను మాత్రం గోడకు దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతుంది. వెల్లకిలా పడుకుని ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తు లేదు.

బలవంతాన ఒకసారి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన పీల్చే మందులు రెండు రాశాడు. ఒకటి రోజూ వాడేది, రెండోది ఆయాసం ముంచుకొచ్చినప్పుడు వాడేది. నన్ను పక్కకు పిలిచి, ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు ఆస్పత్రికి తెచ్చే వ్యవధి కూడా ఉండదన్నాడు. రెండూ కొని తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ వాటిని తేలును చూసినట్టు చూసి, అలవాటైతే ఇక వదలవంది. అలవాటు కావని చెప్పాను. బతిమాలాను. అరిచాను. అన్నం మానేశాను. మళ్లీ అరిచాను. ఆ రెండూ బొత్తాల సొరుగులోనే పడి ఉండి గడువు దాటిపోయాయి. కొత్తవి తెస్తే అవీ అక్కడికే చేరాయి. ఊళ్లో వాళ్లందరి రోగాలూ నాకు కావాలి, కన్నతల్లి ఊపిరి మాత్రం నా చేతిలో లేదు. తలుచుకుంటే ఒళ్లు మండిపోయేది.

సరిగ్గా అప్పుడు దాపురించింది పిల్లి.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఒక చెవి సగం చిరిగిపోయి ఉంది. ఎడమ కంట్లోంచి ఎప్పుడూ నీరు కారుతూ ఉంటుంది. నోట్లో ఉన్న నాలుగు పళ్లూ కదులుతుంటాయి. ఏకి పక్కన పెట్టిన కొత్త దూది మూటలో గుంట చేసుకుని పడుకుంది. అమ్మ గజం కర్రతో తరిమింది. మర్నాడూ తరిమింది. ఆ మర్నాడు చేప ముక్క పెట్టింది. అంతకుముందు వీధిలో అమ్మకు పిల్లికి కూడా బిచ్చం పెట్టదని పేరుండేది. ఆ పేరూ పోయింది.

పేరు పెడితే ఇంట్లో మనిషైపోతుందని అమ్మ దానికి పేరు పెట్టలేదు. "ఏమే" అనే పిలిచేది. నన్నూ అలాగే పిలుస్తుంది గనక ఇంట్లో ఎవరిని పిలిచిందో తెలియక ఇద్దరం తలెత్తి చూసేవాళ్లం. నేను మాత్రం దాన్ని దొరసాని అనేదాన్ని. దొరసానికి కంట్లో చుక్కల మందు. చిగుళ్లకు పూత. మూత్రపిండాలు సరిగా లేవు గనక ఉప్పు తగలని తిండి, దాంట్లో కలపడానికి పొడి. ఆ పొడి వాసన తగిలిందంటే గిన్నెను కాలితో నెట్టేసి, అంతకన్నా మంచిది ఉంటే తెమ్మన్నట్టు అమ్మ మొహంలోకి చూసేది. మా నాన్న కుట్టిన పరుపులు రిక్షా బండి మీద వేసుకుని ఇళ్లకు చేరవేస్తాడు. రోజుకు నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. ఆయన కూడా ఒకరోజు, "దీని జబ్బుల పేర్లు చెప్పడానికే పూట పడుతుంది" అన్నాడు.

అన్నిటినీ మించి దగ్గు. ఉన్నట్టుండి నేలకు కరుచుకుని, మోచేతులు బయటికి పెట్టి, మెడ ముందుకు చాచి, ఈల వేసినట్టు ఊపిరి లాగేది. గొంతులో వెంట్రుకలు అడ్డుపడ్డాయనుకున్నాం. అమ్మ మాత్రం అది దగ్గినంతసేపూ దబ్బనం ఆపేసి చూస్తూ కూర్చునేది. ఒకరోజు దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి నడిచి వెళ్లింది. తనకోసం వీధి చివరి దాకా రాని మనిషి, దానికోసం ఊరి అవతలికి, నాలుగు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ వెళ్లింది.

ఆ సాయంత్రం మా షాపులో రద్దీగా ఉంది. వెనక బల్ల దగ్గర మా యజమాని కూర్చుని ఉన్నాడు. పనివాళ్లు ఇంటి మనుషులతో కబుర్లు చెబితే ఆయనకు గిట్టదు. వరసలో అమ్మ నిలబడి ఉంది, చంకలో బుట్ట. తన వంతు వచ్చాక చీటీ నా ముందు పెట్టింది. చూశాను. అవే రెండు మందులు. మోతాదు తక్కువ, అంతే తేడా. వాటితో పాటు మందు పట్టడానికి ఒక గొట్టం, దాని చివర మూతికి ఆనించే చిన్న తొడుగు. పిల్లికి ఆయాసమట.

ఎన్నేళ్లుగా ఏ మందు ముట్టుకోమని నా ప్రాణం పోయేలా మొత్తుకున్నానో, దాన్నే పిల్లికోసం వరసలో నిలబడి కొనుక్కుంటోంది. అక్కడే బల్ల మీద తల బాదుకుందామనిపించింది. యజమాని చూస్తున్నాడు. వెనక పదిమంది నిలబడ్డారు. అందరికీ చెప్పినట్టే గొట్టం ఎలా బిగించాలో, ఎలా నొక్కాలో చూపించాను. అమ్మ శ్రద్ధగా విని, గొంతు తగ్గించి అడిగింది.

"దీనివల్ల దాని ప్రాణానికేమీ కాదు కదా?"

"ఏమీ కాదు. రోజూ వాడితే మెల్లగా తేలికపడుతుంది. భయపడాల్సిందేమీ లేదు" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, పొట్లం సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి మా ఇల్లు పిల్లి ఆస్పత్రి అయింది. పొద్దున, సాయంత్రం నాన్న దాన్ని తువ్వాల్లో చుట్టి పట్టుకోవాలి, అమ్మ తొడుగు మూతికి ఆనించాలి, అది ఊపిరి తీసుకునేదాకా అందరం కదలకుండా ఉండాలి. మొదట్లో నా చేతి మీద గీతలు పడని చోటు లేదు. దుమ్ము తగలకూడదని డాక్టరమ్మ అన్నదట. దూది ఏకే మిషనును వెనక రేకుల షెడ్డులోకి మార్చమని నేను అడగని ఏడాది లేదు. అడిగినప్పుడల్లా జాగా లేదనేది. పిల్లి కోసం ఒక్క పూటలో జాగా పుట్టుకొచ్చింది. నాన్నా తనూ కలిసి మిషను ఈడ్చుకెళ్లారు. ముందు గది తడిగుడ్డతో తుడిచారు. నేను షాపు నుంచి వచ్చి చూసి, సంతోషించాలో ఏడవాలో తెలియక, అన్నం కూడా తినకుండా పడుకున్నాను.

పొద్దున్నే లేవగానే అమ్మ నన్ను దాటుకుని వెళ్లి, పిల్లి ముందు చతికిలబడి, దాని పక్కలు కదులుతున్నాయో లేదో చూసేది. అవి కదలడం కళ్లారా చూశాకే మొహం కడుక్కునేది. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత చూడలేదని దెప్పాను. వినిపించుకోలేదు.

నెల తిరిగేసరికి దొరసాని నిగనిగలాడింది. ఈల పోయింది, కిటికీ ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టింది. ఇదే అదను అనుకుని, చూశావా, మందు వాడితే ఎలా ఉంటుందో అన్నాను. దాని ఒళ్లు వేరు, నా ఒళ్లు వేరు అంది అమ్మ. దానికి ఉప్పు లేని చేప, నాకు ఉప్పున్న మాట.

ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. ముందు గదిలో పిల్లి ఒక్కతే ఉంది. ఎవరో చెమ్మపట్టిన పాత పరుపొకటి విప్పి కుట్టమని ఇచ్చి వెళ్లారని పొద్దున అమ్మ చెప్పింది. షెడ్డు తలుపు బిగించి మూసి ఉంది. నెట్టి చూస్తే లోపల దుమ్ములో ఏమీ కనపడలేదు. దుమ్ము ముందు గదిలో పిల్లి దాకా రాకూడదని తలుపూ కిటికీ బిగించుకుని, ఆ పరుపంతా విప్పింది మహాతల్లి.

నేల మీద మోకాళ్ల మీద ఉంది. మోచేతులు మిషను మీద ఆనించి, మెడ ముందుకు చాచి, ఈల వేస్తోంది. పెదవులు నల్లబడ్డాయి.

బయటికి లాక్కొచ్చాను. చేతికి అందినది పిల్లి మందే. ముంచుకొచ్చినప్పుడు వాడేది తీసి, గొట్టం చివరి తొడుగు పీకేసి నోటి దగ్గర పెట్టాను. అమ్మ నా చెయ్యి తోసేసింది.

"దానిది" అంది, ఆ ఒక్క మాటకూ రెండుసార్లు ఊపిరి లాగి.

దానికి ఇంకోటి కొంటాను, ముందు నువ్వు పీల్చు అని వీధంతా వినపడేలా అరిచాను. ఆవిడ పళ్లు బిగించింది. నా అరుపు విని నాన్న పరుగెత్తుకొచ్చాడు. గొట్టం చూడగానే అలవాటు కొద్దీ కాబోలు, తువ్వాలు కూడా పట్టుకొచ్చాడు. మాట్లాడకుండా దాన్ని అమ్మ భుజాల చుట్టూ కప్పి, వెనక నుంచి గట్టిగా పట్టుకుని, రోజూ పిల్లికి చెప్పినట్టే చెవిలో, "అయిపోయింది, అయిపోయింది, ఒక్కసారే" అన్నాడు. అమ్మ పళ్లు వదిలింది. నొక్కాను. ఆగి మళ్లీ నొక్కాను. ఈల సన్నబడింది. పెదవులకు కాస్త రంగు వచ్చేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో నాకే గుర్తు లేదు.

నాన్న బండి మీదే ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరు, నేను ఎన్నేళ్లుగానో చెబుతున్న మాటలే చెప్పాడు. అమ్మ మొదటిసారి వింటున్నట్టు తలూపింది. నేను కిటికీ వైపు తిరిగి పళ్లు నూరుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక, రోజూ వాడే మందు కొత్తది విప్పి అమ్మ ముందు పెట్టి కూర్చున్నాను. ఇది పీల్చేదాకా ఇక్కణ్నుంచి కదలనన్నాను. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. దాన్నే చూస్తూ చెప్పింది.

"మా అమ్మకు నా చేత్తోనే పట్టాను ఇది. ఆఖర్లో ఇచ్చారు డాక్టర్లు. నోట్లో పెట్టి నొక్కాను, నా ఒళ్లోనే పోయింది. మందు వల్ల కాదని అందరూ అన్నారు. నా చెయ్యి నమ్మలేదు."

అమ్మమ్మ పోయిందని తెలుసు, ఎలా పోయిందో నాకెవరూ చెప్పలేదు. నోటికొచ్చింది అడిగాను.

"మరి పిల్లికి ఎలా పట్టావు?"

"నిన్ను అడిగాను కదా. ఏమీ కాదన్నావు. నీ మాట మీద పట్టాను. అయినా ఆ నెలంతా పొద్దున లేచి అది బతికుందో లేదో చూసుకునేదాన్ని."

"అదే మాట నీకు ఎన్నిసార్లు చెప్పానమ్మా."

"నాకెప్పుడు చెప్పావు? నా మీద అరిచావు. నువ్వలా అరుస్తుంటే నీకూ దీన్ని చూస్తే భయమే అనుకున్నాను."

అరుపు నా గొంతు దాకా వచ్చింది. భయమే, కానీ ఆ మందును చూసి కాదు అని చెప్పబోయాను. అదీ అరుపులాగే వస్తుందని తెలిసి ఆగిపోయాను. మందుకు గొట్టం బిగించి ఆవిడ చేతికిచ్చాను.

"ముందు ఊపిరంతా వదులు. తొందరేం లేదు. ఇప్పుడు మెల్లగా పీల్చు."

అమ్మ ఒక చేత్తో గొట్టం పట్టుకుని, ఇంకో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని పీల్చింది.