పొద్దున ఏం తిన్నవ్ అని అడగమన్న సారు

మిరపకాయ బజ్జీలో మిరపకాయను వెతుక్కోవాల్సిన రోజులొచ్చాయి. మొన్న కరీంనగర్ బస్టాండు పక్క హోటల్లో ఆ సంగతి మీదే కొట్లాట పెట్టుకున్నాను. "ఏమిరా, మిరపకాయను పిండిల ముంచినవా, పిండికి దూరంకెళ్లి చూపిచ్చినవా?" అని హోటలువాడిని ఆడుకుంటున్నాను. అప్పుడే బోథ్ బస్సు దిగిన ఒక పంతులు నన్ను గుర్తుపట్టి వచ్చాడు. నేను బోథ్ పోయినప్పుడు చూసిన మనిషే.

"తాతా, మా సారు పోయిండు. నిన్న పొద్దుగూకంగ."

బజ్జీ అక్కడే వదిలేసి లేచాను. హోటలువాడు పైసలు కూడా అడగలేదు.

మీలో చాలామందికి మా సారు తెలియదు. తెలియకూడదనే ఆయన్ను అంత దూరం పంపించారు.

హైస్కూళ్లలో కొత్తగా అర్థశాస్త్రం పెట్టిన కాలమది. చదువుకున్న కుర్రాళ్లు దొరికారు గానీ వాళ్లకు చెప్పడం రాదు. వాళ్లను కరీంనగర్ పిలిపించి పాఠం ఎలా చెప్పాలో నేర్పేవారు. నేర్పేది మా సారు. నేను అక్కడ చప్రాసీని. గంట కొట్టడం, కుండలో నీళ్లు నింపడం, వచ్చినవాళ్లందరికీ పేర్లు పెట్టడం నా పని. ఆఖరిది సర్కారు చెప్పిన పని కాదు, నేనే మీదేసుకున్నాను.

సారు నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు. అర్థశాస్త్రాన్ని మాషియాత్ అనేవాడు. తెలుగు మాటలు ఒక్కొక్కటే కూడగట్టుకున్నాడు. దొరకనిచోట అంగట్లో మాటే వాడేవాడు. పాతబడ్డ నల్ల షేర్వానీ తొడుక్కుని, కుర్ర పంతుళ్లు పక్క హైస్కూలు పిల్లలకు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చునేవాడు. ఎవడైనా పిల్లలకు వీపు చూపించాడంటే వేలి కణుపుతో బల్ల మీద టక్కున కొట్టేవాడు.

"ఏం పిల్లగా, బోర్డుతోని ముచ్చట వెడుతున్నవా? దానికి అన్నీ ఎరుకే. జర గిటు తిరుగు."

ఒకరోజు ఒక కుర్రాడికి క్షీణోపాంత ప్రయోజన సిద్ధాంతం చెప్పమని పని పడింది. పేరు చూసి భయపడకండి. ఏదైనా తింటున్నకొద్దీ దాని మీద మోజు తగ్గుతుందని దాని అర్థం. ఆ కుర్రాడి చొక్కాకు ఎప్పుడూ ముడత ఉండేది కాదు. అందుకని నేను వాడికి ఇస్త్రీ అని పేరు పెట్టాను. పొట్లం నిండా జిలేబీ పట్టుకొచ్చాడు.

"పోరల మీద చేసేముందు మా పెద్దమనిషి మీద చెయ్యి" అని సారు నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టాడు.

మొదటి జిలేబీ తిన్నాను. "ఎట్లుంది?" అన్నాడు ఇస్త్రీ. "మస్తుంది" అన్నాను. ఇంకోటి ఇచ్చాడు. "మస్తుంది." ఇంకోటి. "ఇదింక మస్తుంది." ఇస్త్రీ నుదుటి మీద చెమట పట్టింది. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి.

"తాతా, జర ఇమానంగ చెప్పు. మొదటిదాని అంత రుచి లేదు గదా?"

"నాకు లేనిది ఉన్నదని చెప్పరాదు, ఉన్నది లేదని చెప్పరాదు బిడ్డా. ఇంకోటియ్యి, చూసి చెప్త."

అందరూ పగలబడి నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు. లేచి నా దగ్గరికి వచ్చాడు.

"పొద్దున ఏం తిన్నవ్?"

నేను పరాచికానికి ఏదో అనబోయాను. ఆయన చూపు చూసి మానుకున్నాను. "ఏం తినలే సారూ" అన్నాను. ఆ నెల జీతం ఇంకా రాలేదు.

సారు ఇస్త్రీ వైపు తిరిగాడు. "నీ పాఠం తప్పు గాదు పిల్లగా. కడుపు నిండినోని పాఠం ఆకలైనోనికి చెప్పినవ్. రేపు నీ ముందట కూసునే పోరల్ల ఎందరు గిట్ల వస్తరో ఎరుకనా? ముందుగాల అడుగు. పొద్దున ఏం తిన్నవ్, మీ ఇంట్ల ఏం పని చేస్తరు. గది ఎరుకైనంకనే బోర్డు మీద గీత గియ్యి."

ఆ రోజు నుంచి అదే రివాజు. మందమర్రి పోయే పంతులైతే బొగ్గుబాయి కూలి గురించి, సుల్తానాబాద్ పోయేవాడైతే వడ్ల ధర గురించి పిల్లలను అడిగి, వాళ్లు చెప్పిన దాంట్లోంచే పాఠం లాగాలి. పాఠం మొదలుకాక ముందే పిల్లలు బెంచీల మీద ముందుకు వంగేవారు. గుమ్మం దగ్గర నిలబడి నేను చూశాను. సారుకు ఆ క్లాసే సర్వస్వం. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. ఆయనకు మిగిలింది ఆ గది ఒక్కటే.

తనిఖీకి హైదరాబాదు నుంచి పెద్ద దొర వచ్చాడు. వేతనాల పాఠం ఇస్త్రీకి పడింది. అందరిలో బాగా చెప్పేది వాడే మరి. ఎప్పటిలాగే పక్క హైస్కూలు పిల్లలను తెచ్చి కూర్చోబెట్టాం. ఇస్త్రీ రివాజు ప్రకారమే అడిగాడు. ఒక సాలోళ్ల పిల్లవాడు లేచాడు.

"మా బాపు మగ్గం నేస్తడు సారూ. ఈ నెల కూలి తగ్గిచ్చిండ్రు. ఎందుకు తగ్గిచ్చిండ్రు సారూ?"

దొర ముఖం ముడుచుకుంది. ఇస్త్రీ ఆ ముఖాన్ని చూశాడు. పిల్లవాడిని కూర్చోమన్నాడు. బోర్డు వైపు తిరిగాడు. "రాసుకోండి. వేతనమనగా..." అని గంట అయ్యేదాకా రాయించాడు. సారు బల్ల మీద కొట్టలేదు.

పిల్లలు పోయాక దొర అడిగాడు. "ఇది అర్థశాస్త్రమా, కూలీల సంఘం మీటింగా? ఈ ప్రశ్నలు అడగమని ఎవరు నేర్పారు?"

"మా సారే సార్," అన్నాడు ఇస్త్రీ. "నాకు మొదటిసంది మంచిగ అనిపియ్యలే."

మిగతా కుర్రాళ్లంతా నేల చూశారు. సారు ఒక్కడే మాట్లాడాడు. "పోరడు అడిగిందే అర్థశాస్త్రం సార్. మనం జవాబు చెప్పుడే బాకీ ఉన్నది."

నన్నెవరూ అడగలేదు. చప్రాసీ సాక్ష్యం అడిగే రోజులు ఇంకా రాలేదు.

సారును ఎక్కడో అడవుల్లో ఉన్న బోథ్ వేశారు, ఆరో తరగతికి లెక్కలు చెప్పమని. ఆ బడిలో అర్థశాస్త్రమే లేదు. కొన్నాళ్లకు ఆయన కుర్చీలో ఇస్త్రీ కూర్చున్నాడు. వాడి బల్ల మీద నీళ్ల గ్లాసు పెట్టింది నేనే.

బోథ్ వెళ్లి సారును చూసినప్పుడల్లా అదే ప్రశ్న.

"ఇప్పుడు కొత్త పంతుళ్లకు ఏం నేర్పుతుండ్రు?"

"నోట్సు సారూ. గట్టిగ రాయించుడు."

"పోరలను ఏమన్న అడుగుతుండ్రా?"

"అడుగుతుండ్రు. రాసుకున్నవా అని అడుగుతుండ్రు."

ఒకసారి నేను ఇస్త్రీ గురించి సర్దిచెప్పబోయాను. మరిచిపోండి సారూ, మాఫ్ చెయ్యండి అన్నాను. ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. "పాఠం ఎట్ల చెప్పాల్నో నేర్పిన. ఎప్పుడు నోరు ముయ్యద్దో నేర్పలే. గా తప్పు నాది. వానిది మాత్రం మాఫ్ చెయ్య." చెయ్యలేదు కూడా. పెద్దమనసు చేసుకుని పోయాడని ఎవరైనా మీతో అంటే నమ్మకండి.

మా మనవడు ఇప్పుడు అర్థశాస్త్రం చదువుతున్నాడు. వేతనమంటే ఏమిటో గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. "గదంటే ఏందిరా?" అంటే, "పరీక్షల గంతే రాయాలె తాతా, అర్థం అడగరు" అంటాడు. వాడిని ఏమనను?

సంతాప సభ కరీంనగర్‌లో, సారును గెంటేసిన ఆ గదిలోనే పెట్టారు. ఫోటోకు దండ వేసి దీపం పెట్టారు, అందరూ గుమ్మం బయటే చెప్పులు, బూట్లు విడిచారు. అధ్యక్షత ఇస్త్రీది. మడత విప్పని రుమాలుతో కళ్లు అద్దుకున్నాడు. "మా గురువుగారు వేసిన బాటలోనే ఈనాటికీ నడుస్తున్నాం" అన్నాడు. అందరూ తలలూపారు. ఆనాడు నేల చూసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. తర్వాత మౌనం పాటించమన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు. మెల్లగా బయటికి జరిగి, ఇస్త్రీ ఎడమకాలి బూటు ధోవతిలో చుట్టుకుని వచ్చి కూర్చున్నాను.

సభ అయ్యాక కుర్ర పంతుళ్లంతా వరండా కింద, తుప్పల్లో వెతికారు. ఇస్త్రీ మేజోడే ఉన్న ఎడమకాలు ఎండలో పెట్టలేక కుడికాలి మీద నిలబడ్డాడు.

"తాతా, ఇక్కడ కుక్కలు తిరుగుతయా?"

"తిరుగుతయ్ సారూ. ఒకటి మిగిలింది గదా, దాంతోనే నడువుండ్రి. బాట మీకు ఎరుకే గదా."

అది ఇప్పుడు మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. "ఒంటి బూటు ఏం జేసుకుంటవ్, పారెయ్యరాదు" అని మా ముసలిది రోజూ పోరుతోంది. తొడగడానికి రాదు, అమ్మితే కొనేవాడు లేడు. అక్కడ ఇస్త్రీ ఇంట్లో ఉన్న రెండో బూటుకూ ఇదే గతి. మంచి నల్ల తోలు, తెచ్చిన రోజు అద్దంలా మెరిసింది. ఇప్పుడు దుమ్ము పడుతోంది. నేను తుడవట్లేదు.