అప్పలస్వామి లాగని తాడు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఓడరేవు బొగ్గు యార్డులో బెల్టు ఆగింది. ఇందులో వింతేమీ లేదు. బొగ్గు మోసే బెల్టు ఆగుతూనే ఉంటుంది, మళ్ళీ కదులుతూనే ఉంటుంది. కాకపోతే ఆ రోజు దానికి కాపలాగా నేను తయారుచేసిన పెట్టె ఒకటి ఉంది. భోజనాల వేళకల్లా ఒక మనిషి ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. షిఫ్టు ఇన్‌ఛార్జి గొంతు పోయింది. నా పరువు సంగతి చివర్లో చెబుతాను. చివరిదాకా అది భద్రంగానే ఉందని నేను అనుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గాజువాకలో ఒక టైర్ల కొట్టు పైన మా కంపెనీ. ఉన్న కొద్దిమందికీ పెద్ద నూకరాజు గారు. ఆయన నోట అందరం బావలమే, యజమానితో సహా. తక్కువ మాట్లాడేవారు, ఎక్కువ చదివేవారు. ఆయన రాసిన ప్రోగ్రాములో ఒక్క వాక్యం కూడా తీసేయడానికి దొరికేది కాదు. నాకు దొరికిన మంచి గురువు ఆయనే అని అప్పట్లో తెలియలేదు. నేనే మంచివాణ్ణి అనుకునే వయసు.

మా పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. విసుగనిపించినా ఓర్చుకోండి, గొడవంతా ఇక్కడే ఉంది. కంప్యూటరులో అన్నిటికన్నా అడుగున పనిచేసే ప్రోగ్రాము కెర్నెల్. బెల్టుకు ఏం జరిగినా మా కెర్నెల్ వెంటనే రాసి పెట్టేది. తీరిక ఉండదు కనుక పేరు రాయదు, అంకె రాస్తుంది. ఆ అంకెను పేరుగా మార్చి తెర మీద చూపడం యార్డు కంప్యూటరులోని ఇంకో ప్రోగ్రాము పని. మూడు అంటే బెల్టు పక్కకు జరిగింది. నాలుగు అంటే తాడు లాగారు. ఐదు అంటే మోటారు వేడెక్కింది. తాడంటే బెల్టు పొడుగునా కట్టిన తాడు. ప్రమాదం వస్తే ఎవరు లాగినా బెల్టు ఆగిపోతుంది.

అంటే పేర్ల వరుస రెండు చోట్ల ఉంది. రెండూ చేత్తో రాసినవే. అందుకే నూకరాజు గారు ఒక్కటే నియమం పెట్టారు: "కొత్త పేరు ఎప్పుడొచ్చినా అట్టడుక్కే ఎల్లాలి బావా. మద్దిలో దూర్సకు."

ఆ వారం కొత్త పేరు ఒకటి వచ్చింది: బెల్టు జారింది. నాకు పుస్తకాలు కూడా రచయితల వరుసలో సర్దుకునే జబ్బు. జారడం, పక్కకు జరగడం రెండూ ఒకే కుటుంబం కదా. దాన్ని తీసుకెళ్ళి అడుగున, మోటారు వేడి కింద పడేయడం అన్యాయం అనిపించింది. కెర్నెల్ వరుసలో రెండుకూ మూడుకూ నడుమ పెట్టాను. ఎంత ముద్దుగా ఉందో అని రెండుసార్లు చూసుకున్నాను కూడా. కింద ఉన్నవాటి అంకెలన్నీ తలా ఒకటి పెరిగాయి. యార్డు కంప్యూటరులోని వరుస పాతదే ఉండిపోయింది. కొత్త కెర్నెల్‌ను పెట్టెలో ఎక్కించి, పెళ్ళికొడుకులా యార్డుకు వెళ్ళాను.

పదకొండూ పదికి బెల్టు ఆగింది. తెర మీద పడింది: తాడు లాగారు.

ఇన్‌ఛార్జి కిటికీలోంచి చూశాడు. బెల్టు పక్కన నడుస్తున్నది అప్పలస్వామి ఒక్కడే. కాంట్రాక్టు మనిషి. రోజంతా బెల్టు వెంట నడవడం అతని పని.

"తాడెందుకు లాగేవు?"

"నాను లాగనేదు బాబూ."

"తెర మీద పడింది కదా!"

"తెర మీద నా పేరు పడిందా?"

బెల్టు వేశారు. కాసేపటికి మళ్ళీ ఆగింది. మళ్ళీ తాడే. ఇన్‌ఛార్జి గొంతు గేటు దాకా వినబడింది. "బొగ్గు కోసం ఓడోళ్ళు నా పేణం తీస్తన్నారు. నువ్విక్కడ తాడుతో ఆడుకుంటన్నావా? గేటు పాసు ఇచ్చీసి ఎల్లిపో!"

అప్పలస్వామి నా వైపు తిరిగాడు. "బాబూ, మీ పెట్టి నన్ను సూసిందా?"

ఇక్కడ ఊరుకుని ఉండాల్సింది. నేను ఉపన్యాసం ఇచ్చాను. "చూడు అప్పలస్వామీ, పెట్టెకు కళ్ళు ఉండవు. పక్షపాతం ఉండదు. మనుషులు అబద్ధం చెబుతారు, కెర్నెల్ చెప్పదు."

"మరి నాను సెప్తానా?"

ఆ మాట విననట్టే నూకరాజు గారికి ఫోను చేసి, మన పెట్టె మొదటి రోజే దొంగను పట్టిందని చెప్పాను.

"ఆడేటన్నాడు?" అని అడిగారు ఆయన.

"లాగలేదంటున్నాడు. గేటు పాసు తీసుకుంటున్నారు."

"నానొచ్చీదాకా ఆ పాసు తీసుకోవద్దని సెప్పు."

స్కూటరు మీద వచ్చారు. తెర వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. అప్పలస్వామిని పిలిచి కంప్యూటరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, రెండు టీలు తెప్పించి ఒకటి అతనికిచ్చారు. బెల్టు వేయమన్నారు. అందరం చూస్తూ కూర్చున్నాం. నేను మాత్రం పరీక్ష ఫలితం ముందే తెలిసినవాడిలా కాలు మీద కాలు వేసుకున్నాను.

బెల్టు ఆగింది. తాడు లాగారు.

అప్పలస్వామి గ్లాసు పైకెత్తి చూపించాడు. "సేతిలో టీ ఉంది బాబూ. రెండో సెయ్యి ఇదిగో."

"ఇంకెవరో లాగేరు," అన్నాడు ఇన్‌ఛార్జి, అప్పటికే బొంగురుపోయిన గొంతుతో.

"ఒక్కడి పని కాకపోవచ్చు," అన్నాను నేను. "ముఠా అయి ఉండవచ్చు."

నూకరాజు గారు అప్పుడు నా వైపు తిరిగారు. "బావా, నువ్వే ఎల్లి ఆ తాడు లాగి రా."

బెల్టు మళ్ళీ వేశారు. వెళ్ళాను. బలంగా లాగాను. బెల్టు ఆగింది. చేతులు దులుపుకుంటూ తిరిగి వచ్చేసరికి ముగ్గురూ తెర ముందు నిలబడి ఉన్నారు. తెర మీద ఉన్న మాట: మోటారు వేడెక్కింది.

"మోటారు సల్లగానే ఉంది. నీ మొగమే ఏడెక్కింది," అన్నారు నూకరాజు గారు. తరువాత నా చెవి దగ్గరికి వచ్చి, మెల్లగా, "మద్దిలో ఏటి పెట్టేవు?"

చెప్పాను.

"కెర్నెల్ అబద్ధం చెప్పదు కదండీ..." అని గొణిగాను కూడా, సిగ్గులేక.

"సెప్పనేదు. అది నాలుగంది. నాలుగంటే ఏటో సెప్పింది నువ్వు."

పొద్దుటి నుంచీ జరిగింది ఇంతే. బెల్టు కింద తిరిగే రోలరు ఒకటి అరిగిపోయి, బెల్టు పక్కకు జరిగి ఆగుతోంది. మా తెర అప్పలస్వామి మీదకు వేలు చూపిస్తోంది. నిజంగా తాడు లాగితే మోటారు మీద నెపం వేస్తోంది.

నూకరాజు గారు ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళి, "తప్పు మాది, ఈ మనిషిది కాదు," అన్నారు. నా వైపు చేయి కూడా చూపలేదు. తరువాత అప్పలస్వామికి దండం పెట్టారు. నేనూ పెట్టాను.

అప్పలస్వామి గ్లాసు కింద పెట్టాడు. "పరవానేదు బాబూ. ఆ పెట్టికి గేటు పాసుంటే అది తీసుకోండి సాలు."

స్కూటరు మీద తిరిగి వచ్చేటప్పుడు ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి పని అయిపోయింది. యార్డు ప్రోగ్రాములోని పేర్ల వరుసను ఆయన పూర్తిగా తీసేశారు. పేర్లూ అంకెలూ ఇక పెట్టెలోని కెర్నెల్ దగ్గర మాత్రమే ఉంటాయి. తెర మీద చూపే ప్రోగ్రాము మొదట దాన్ని అడిగి తెలుసుకుని, తరువాతే నోరు విప్పుతుంది. నాలాంటివాడు ఎక్కడ ఏది దూర్చినా మనిషి మీదకు రాదు. ప్రోగ్రాము ఒక పేజీ కూడా లేదు. దాన్ని నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ తీసి చదువుకుంటాను.

చాలా ఏళ్ళ తరువాత, ప్రపంచమంతా వాడే కెర్నెల్‌లో కూడా అంకెలతో పాటు పేర్లను అదే బయటపెట్టే ఏర్పాటు వచ్చిందని చదివి, పరుగున వెళ్ళి ఆయనకు చెప్పాను. "ఆళ్లకీ ఒక అప్పలసామి దొరికేడన్నమాట," అన్నారు.

నూకరాజు గారు పోయిన వర్షాకాలంలో పోయారు. దువ్వాడలో వాళ్ళ ఇంటి ముందు, చివరి చూపు కోసం జనం వరుస కట్టారు. ఎవరో నన్ను గుర్తుపట్టి, "మీరు దగ్గరి మనిషి కదండీ, ఇలా మద్దిలోంచి వచ్చీయండి," అన్నారు. వద్దని చెప్పి, నడుచుకుంటూ వెళ్ళి అందరి వెనక నిలబడ్డాను. నా ముందున్న ముసలాయన తిరిగి చూశాడు. అప్పలస్వామి.

"పెట్టి బాబు కదా?" అన్నాడు. "ఎనక్కొచ్చీసేరేటి?"

"కొత్తవాళ్ళు చివరికే వెళ్ళాలి," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. లోపలున్న ఆయనకైతే అయ్యేది. అక్కడే, ఆ వరుస చివరనే ప్రమాణం చేసుకున్నాను: బతికి ఉన్నంతకాలం ఏ వరుసలోనూ మధ్యలో దేన్నీ దూర్చను, నేనూ దూరను, సినిమా టికెట్ల దగ్గరతో సహా.

మా ఆఫీసులో పేర్ల వరుసను ఇప్పుడెవరూ రెండో చోట చేత్తో రాయడం లేదు.