కాలేయంలో ఇరుక్కున్న వాక్యం

నాకు యాభై రెండో ఏట అక్షరాలు వచ్చాయి. వచ్చాక ఉన్న కోరిక ఒక్కటే: శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, పదిమంది ఆడవాళ్ల ముందు, ఒక్క వాక్యం మొదటి నుంచి చివరిదాకా నా నోటితో నేను చదవాలి. పెద్ద కోరికేం కాదు. కానీ మా ఆడబిడ్డ పక్కన కూర్చున్నంత కాలం తీరేలా కనిపించలేదు.

ఆమె చెడ్డ మనిషి కాదు. వాక్యాలన్నీ ఆమెకు కంఠస్థం, అదే జబ్బు. నేను వేలు పెట్టి రెండో మాట కూడబలుక్కునేలోపు మిగతాదంతా గడగడా అప్పజెప్పేసేది. అందరూ "ఆమేన్" అనేవారు. నా వేలు ఇంకా రెండో మాట మీదే ఉండేది. నవ్వి పుస్తకం మూసేదాన్ని. దేవుని సన్నిధిలో ఆడబిడ్డను తిట్టకూడదు. ఇంట్లో ఎప్పుడూ తిట్టలేదు, అత్త ఉండేది. అత్త పోయేనాటికి నాకు తిట్టే అలవాటే తప్పింది.

ఆ చలికాలం కుడి డొక్క కింద పట్టేయడం మొదలైంది. గొంతులో ఉసిరికాయ అడ్డం పడ్డట్టు ఉండేది. ఊరికే నిట్టూర్పులు వచ్చేవి. అమీర్‌పేటలో నేను వంట చేసే లేడీస్ హాస్టల్లో ఒక పిల్ల, "ఆంటీ, నీ నిట్టూర్పులు సాంబార్ల సుత పడుతున్నయ్" అంది. పెద్దాసుపత్రికి పోతే స్కానింగ్ తీశారు. కాలేయం బంగారంలా ఉందని, గ్యాస్ అని గోళీలిచ్చారు.

ఆ పిల్లే నన్ను పంజాగుట్ట తీసుకెళ్లింది. నెలనెలా కడుపునొప్పితో వంటగది గట్టు పక్కన ముడుచుకుని పడుకునేది. అక్కడ చైనా వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గర సూదులు వేయించుకున్నాక లేచి తిరుగుతోంది. ఒక్క స్టేషన్ దూరానికి మెట్రో ఎందుకని నడిచే వెళ్లాం. గాజుల దుకాణం పైన చిన్న గది. డాక్టరమ్మది కోస్తా మాట.

మూడు వేళ్లతో నాడి చూసింది. ఒక చెయ్యి చాలదని రెండోదీ అడిగింది. తర్వాత నాలుక చాపమంది. నన్ను నాలుక బయటపెట్టమన్న మొదటి మనిషి ఆమే. అంతకుముందు అందరూ లోపల పెట్టుకోమన్నవాళ్లే.

"అంచులు ఎర్రగా ఉన్నాయండి. ఎవరి మీద కోపం?"

"నాకు కోపమెందుకుంటదమ్మా? ప్రార్థన చేసుకునేటోళ్లం."

"చేసుకోండి, మంచిదే. ఎవరి మీద?"

హాస్టల్ పిల్ల అందుకుంది: "ఆంటీ ఆడబిడ్డ మీద, మేడమ్."

అక్కడ కూడా నా మాట వేరేవాళ్లే చెప్పేశారు.

చైనా వాళ్ల లెక్కలో కాలేయం అంటే స్కానింగులో కనిపించేది ఒక్కటే కాదట. ఒంట్లో ఊపిరీ నెత్తురూ సాఫీగా నడిపించే పని దానిదట. ఆడవాళ్ల నెలసరి, నిద్ర, కంటిచూపు అన్నీ దాని చేతిలోనే ఉంటాయట. కోపం మింగితే అది అక్కడే నిలిచిపోయి, ఊపిరీ నెత్తురూ సాయంత్రం అమీర్‌పేట చౌరస్తాలో బండ్లలాగా ఎక్కడివక్కడ ఆగిపోతాయట. పులుపు కూడా నేరుగా అక్కడికే పోతుందట. అట్లయితే పొద్దున చింతపండు పులిహోర, మధ్యాహ్నం మామిడికాయ పచ్చడి, రాత్రి పుంటికూర తినే మన కాలేయాలు మహారాజుల్లా ఉండాలి కదా అన్నాను.

"అతిగా తింటే మహారాజులూ మంచాన పడతారండి" అంది.

కాలి బొటనవేలికీ పక్కవేలికీ నడుమ సూది గుచ్చింది. కాలేయం డొక్కలో, దాని మీట పాదంలో! నమ్మానా అంటే ఇప్పటికీ చెప్పలేను. చురుక్కుమనగానే నోట్లోంచి ఒక మాట ఊడిపడింది, ప్రార్థన చేసుకునే మనిషి అనకూడనిది. డాక్టరమ్మ సంబరపడింది.

"అదీ! అలా బయటికి రానివ్వండి. హాస్పిటల్ మందులు మానకండి. కోపం మింగడం మానండి."

తిట్టడం నాకు చేతకాదు. అందుకని ఆడబిడ్డకు నోటికి రానిది ఏముంటుందా అని వారమంతా గ్రంథం పేజీలు తిప్పాను. దొరికింది. ఒక అధ్యాయం నిండా పేర్లే. ఎవరికి ఎవరు పుట్టారో, వాళ్లకు మళ్లీ ఎవరు పుట్టారో. ఏ పాస్టరూ దాని మీద ప్రసంగం చేయగా నేను వినలేదు. దాన్ని కంఠస్థం చేసినవాళ్లకు ఏ సండేస్కూల్లోనూ బహుమతి ఇవ్వలేదు.

శుక్రవారం లేచి మొదలుపెట్టాను. మొదటి పేరు కూడబలుక్కుంటుంటే ఆడబిడ్డ అలవాటుగా నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మూసింది. రెండో పేరుకు మళ్లీ తెరిచి, మూసి, నా పుస్తకంలోకి వంగబోయింది. నేను పుస్తకం అవతలికి తిప్పుకున్నాను.

ఒక్కో పేరుకు ఐదారు అక్షరాలు, వాటి కింద ఒత్తులు. నాకేం తొందర? పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ముట్టని ఆడవాళ్లు గోడ గడియారం వైపు చూశారు. వంటగదిలోంచి ఉప్మా వాసన వచ్చింది. ఒకామె గట్టిగా "దేవునికి స్తోత్రం" అని ముగించమన్నట్టు చూసింది. నేను తర్వాతి తరానికి వెళ్లాను.

"వదినా, గీళ్ల పిల్లలందరు పుట్టేసరికి మేం పోతం" అంది ఆడబిడ్డ.

"నడుమల మాట్లాడితే మళ్ల మొదటికెల్లి సదువుత."

పదిమంది కలిసి ఆమెను "ఉష్" అన్నారు. ఆకలి ఎంతటివాళ్లనైనా నా వైపు తిప్పుతుందని అప్పుడు తెలిసింది. ఆఖరి పేరు ఆఖరి ఒత్తు దాకా చదివి కూర్చున్నాను.

ఉప్మా ప్లేట్లు పంచుతుంటే ఆడబిడ్డ దగ్గరికి జరిగింది.

"వచ్చేవారం సుత నువ్వే సదువు వదినా. జర పొట్టిది సూడు, నీకు దండం పెడత."

"నువ్వు నోరు మూసుకుంటే పొట్టిదే సదువుత."

"నాకు నోటికొచ్చిందైతే?"

"అయినా సరే."

ఆమె కాసేపు ఉప్మాలో జీడిపప్పు వెతికింది. "ఎట్ల ఆపుకోవాల్నో ఏమో" అంది చివరికి. "డొక్కల నొప్పి లేస్తదేమో నాకు."

పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ ఉందని చెప్పాను.