మరియదాసు గారి కుర్చీల పిచ్చి

ఒకే మనిషి ఒకే కుర్చీలో వరసగా రెండు సోమవారాలు కనిపిస్తే మా బ్రాంచి మేనేజరు మరియదాసు గారికి కడుపులో తిప్పుతుంది. మాటవరసకి అనడం లేదు. నిజంగానే లేచి, గ్లాసుడు మజ్జిగ తాగి, ఆఫీసంతా మూడు చుట్లు తిరిగి, చివరికి ఆ మనిషి ముందు నిలబడి "లెగవయ్యా, చాల్లే" అంటారు.

మాది మోటారు పంపుల కంపెనీ. పటమటలో బ్రాంచి. పదకొండు మందిమి, పదకొండు కుర్చీలు, పదకొండు రకాల పనులు. సోమవారం తొమ్మిదిన్నరకి ఆయన చప్పట్లు కొట్టగానే ఒక్కొక్కరం ఒక్కో కుర్చీ జరగాలి. బిల్లులు రాసే మనిషి గోడౌనుకి, గోడౌను చూసే మనిషి వారంటీ కార్డులకి, కార్డుల మనిషి కౌంటరుకి. కొత్తలో మా ఆవిడ "ఆఫీసులో మీ పనేంటండీ?" అని ముచ్చటగా అడిగింది. "ఏ వారం?" అన్నాను. ఎగతాళి అనుకుని రెండు రోజులు మాట్లాడలేదు.

చర్చిలోనూ ఆయనది అదే వరస. ఆదివారం పూజ అయ్యేలోగా నాలుగు బెంచీలు మారతారు. ఒకసారి ఫాదర్ గారు ప్రసంగం ఆపేశారు.

"మరియదాసు గారూ, దేవుడి మాట అన్ని బెంచీలకీ వినపడుద్దండీ!"

"వినపడుద్దండీ. ఎక్కడ బాగా వినపడుద్దో చూస్తన్నా" అన్నారు ఈయన, అయిదో బెంచీకి నడుస్తూ.

మా వెంకటసుబ్బారావు గారు పదిహేనేళ్ళు బిల్లింగులో పండిపోయిన మనిషి. ఆయన్ని తీసుకెళ్ళి సర్వీసు ఫోను దగ్గర కూలేశారు. కంకిపాడు నుంచి ఓ రైతు "మోటారు నీళ్ళెత్తటల్లేదండీ, మడి ఎండిపోతంది!" అని గోల పెడితే, ఈయన అలవాటు కొద్దీ "జీఎస్టీ నంబరు చెప్పండి" అన్నారు. ఆ రైతు అన్న మాట ఇక్కడ రాయకూడదు.

ఇది చాలదన్నట్టు హెడ్డాఫీసు వాళ్ళదో రూలు. ఏటా మార్చి ఆఖరికి ప్రతి బ్రాంచిలో అందరికీ ర్యాంకులు వేస్తారు. ఫస్టొస్తే ప్రమోషన్ల జాబితాలో పేరు. పదో ర్యాంకు గానీ, ఆ కింద గానీ వస్తే ఏప్రిల్ ఒకటి నుంచి ఇంట్లో కూర్చోవడమే. దాంతో మిగతా బ్రాంచీల్లో ఒకరి ఫైళ్ళు ఒకరికి కనపడకుండా తాళాలేసుకునేవాళ్ళు. ఒకచోట ఒకాయన డీలర్ల నంబర్లన్నీ తన ఫోనులోనే దాచుకుని డెంగీతో మంచాన పడ్డాడట. ఆ నెల అటువైపు ఒక్క పంపూ కదల్లేదు.

మా దగ్గర దాచుకునే వీలే లేదు. సోమవారం వస్తే ఆ ఫైలు పక్కవాళ్ళ చేతిలో ఉంటుంది. వాళ్ళకి సరిగ్గా నేర్పకపోతే రోజుకి ఇరవైసార్లు వచ్చి మన ప్రాణం తీస్తారు. మా డిస్పాచి మనిషికీ డెంగీ వచ్చింది గానీ, ఆ వారం డిస్పాచి మనిషి ఎవరో గుర్తుకు రావడానికే మాకు పూట పట్టింది.

అయినా మార్చి వచ్చేసరికి ఎవరి ఉద్యోగం పోతుందో అని అందరం లెక్కలు వేసేవాళ్ళం. ఈసారి వేటు దానమ్మ గారి మీదే అని అందరం తేల్చేసుకున్నాం. యాభై దాటిన మనిషి. భర్త పోయారు, ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు. కంప్యూటరులో ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుని, తప్పించుకుపోతుందేమో అన్నంత గట్టిగా నొక్కేవారు. నేను ఆవిడని చూసి తెగ జాలిపడేవాణ్ణి. ఉండబట్టలేక ఒకరోజు మేనేజరు గారితో అనేశాను.

"ఈ తిప్పుడు ఆపేసి ఆవిడకి ఒక్క పని గట్టిగా నేర్పించొచ్చు కదండీ?"

"ఈ వారం నీ పనేంటి చక్రీ?"

"స్పేర్ పార్టులండీ."

"ఎట్టా నడస్తంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ!"

ఆయన ఇంకో గ్లాసు మజ్జిగ తెప్పించుకున్నారు.

మార్చి ఇరవై రెండున హెడ్డాఫీసు నుంచి సాత్విక్ అనే కుర్ర ఆఫీసరు ల్యాప్‌టాప్‌తో దిగాడు.

"డిస్పాచి ఎవరు చూస్తారండీ?"

"పదకొండు మందీ" అన్నారు మరియదాసు గారు.

"బిల్లింగు?"

"పదకొండు మందీ."

"అలా కుదరదు సార్. ఫారంలో మనిషికి ఒక్క పనే పడుతుంది, ఆ పనిలో వచ్చిన ర్యాంకే లెక్క."

"అయితే ఎవరికేది బాగా వచ్చో అదెయ్ బాబూ" అని ఆయన డ్రాయరులోంచి లావుపాటి నోటుపుస్తకం తీశారు. ఏడాదిలోని సోమవారాలన్నీ అందులో ఉన్నాయి. ఎవరు ఏ కుర్చీలో ఎలా చేశారో, వారం వారం మార్కులతో సహా.

సాత్విక్ ఒక్కో పేరే ఎక్కించాడు. వెంకటసుబ్బారావు గారు గోడౌనులో ఫస్టు. దానమ్మ గారు సర్వీసు ఫోనులో ఫస్టు! మండిపడుతూ ఫోను చేసిన రైతుతో ఆవిడ "ముందు మంచినీళ్ళు తాగిరా నాయనా, నేను లైన్లోనే ఉంటా" అనేవారట. సగం మంది తిరిగొచ్చి, స్విచ్చి వేయడం తామే మర్చిపోయామని ఒప్పుకునేవాళ్ళు.

నేను సంతోషంగా తెరవంక వంగాను. అందరి పేర్లూ పచ్చగా ఉన్నాయి. అట్టడుగున ఒకటే ఎర్రగా ఉంది. అది నాది.

"చక్రి గారు డిస్పాచిలో పది, బిల్లింగులో పదకొండు, స్పేర్ పార్టుల్లో పదకొండు" అని సాత్విక్ మెల్లగా చదివాడు. "ఏ పనిలోనూ పది దాటి పైకి రాలేదు సార్. ఈయన్ని తీసెయ్యక తప్పదు."

నా చెవుల్లో ఏదో మోటారు తిరిగింది. ఏడాదంతా జాలిపడాల్సింది నామీదన్నమాట! ఇంటి అద్దె, పాప ఫీజు, మా ఆవిడ మొహం అన్నీ ఒకేసారి కళ్ళముందుకొచ్చాయి.

"తొందరపడమాక బాబూ" అన్నారు మరియదాసు గారు. "ఆయనింకా అన్ని కుర్చీల్లోనూ కూకోలేదు."

"పదకొండూ అయిపోయాయి కదండీ?"

"పన్నెండోదుంది" అని ఆయన లేచి, తన కుర్చీ నావైపు జరిపారు.

"అది మేనేజరు కుర్చీ సార్!"

"మేనేజరు ఈ బ్రాంచి ఉద్యోగి కాడా? కూకోకూడదని మీ రూల్లో ఎక్కడుందో చూపియ్యి."

సాత్విక్ అరగంట వెతికాడు. ఎక్కడా లేదు. వారం గడువిచ్చి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

నేను గోడౌను దాకా ఆయన వెంటపడ్డాను. "ఏడాదంతా మమ్మల్ని తిప్పింది నాకోసమేనా సార్?"

"ఓహో, తమరికోసం! దానమ్మ గారూ అదే అడిగింది. సుబ్బారావూ అదే అడిగాడు" అని విసుక్కున్నారు. "ఒక్కళ్ళనే మారిస్తే, ఆ ఒక్కళ్ళూ చేతగానోళ్ళని అందరికీ తెలిసిపోదూ? అందర్నీ తిప్పితే మేనేజరుకి పిచ్చంటారు. అనుకోనియ్. నాకేం నొప్పి?"

నేను దణ్ణం పెట్టబోయాను. ఆయన మాత్రం అప్పటికే ఒక పంపుసెట్టుని ఈ మూల నుంచి ఆ మూలకి జరిపిస్తున్నారు.

ఆ వారం మేనేజరుగా నేను ఏం వెలగబెట్టానో అడక్కండి. గడువు రోజున సాత్విక్ ఫోను చేసి, పన్నెండో కుర్చీ ర్యాంకులు అడిగాడు.

"ఆ కుర్చీలో కూకుంది ఇద్దరమే" అన్నారు మరియదాసు గారు. "చక్రి ఫస్టు. నేను సెకండు."

"సార్! ఇద్దర్లో సెకండంటే ఆఖరు కదండీ?"

"ఫారంలో ఏం పడుద్ది?"

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. "రెండు అని పడింది సార్."

"ఏ రంగులో?"

"పచ్చగానే ఉంది సార్."

ఆయన ఫోను పెట్టేసి, ఆఫీసంతా వినపడేలా కేకేశారు: "దానమ్మ గారూ, మా ఆవిడ శౌరమ్మకి ఫోన్ కలపండి! బళ్ళో చదివినన్నాళ్ళూ రాని సెకండ్ ర్యాంకు నాకిప్పుడొచ్చిందని చెప్పాలి!"