అఫ్జూన్ మామ జందనీజీ

మా అఫ్జూన్ మామకి ఊరి పిచ్చి. మా ఊరు జందనా. బుఖారా బజారులో ఒక బట్టని జందనీజీ అంటారే, అది మా ఊరి పేరే, జందనాది అని. చూస్తే నూలుబట్టే, కానీ రాజులు పట్టుబట్టకిచ్చే ధర ఇచ్చి కొంటారు. హిందూ దేశం దాకా వెళ్తుంది. "అక్కడి రాజు మన ఊరిని భుజాన వేసుకుని తిరుగుతాడురా" అని మామ రొమ్ము విరుచుకునేవాడు. అత్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఇంట్లో మగ్గం, మామ, ఈ గొప్పలూ, అంతే.

చిక్కేమిటంటే, చుట్టుపక్కల పల్లెలన్నీ అలాంటి బట్టే నేసి అదే పేరు చెప్పి అమ్ముకునేవి. అందులోనూ వర్దానా పేరెత్తితే మామకి ఒళ్ళుమంట. సంత జరిగినప్పుడల్లా గాడిదెక్కి బుఖారా వెళ్ళి, వర్దానా వాళ్ళ దుకాణం ముందు నిలబడి గొంతు చించుకునేవాడు.

"దొంగ సరుకు! మా నీళ్ళలో తడవంది, మా నేల మీద నెయ్యంది జందనీజీ ఎట్లా అవుద్దయ్యా?"

నాకప్పటికే పెళ్ళయింది, అయినా పక్కన నిలబడి నేనూ అరిచేవాణ్ణి. భలే సరదాగా ఉండేది.

ఒక వసంతంలో ఆ దుకాణంలో మాహస్త్ అనే ఆవిడ కూర్చుని ఉంది. మొగుడు పోయాక సొంతంగా మగ్గం నడుపుకుంటున్న మనిషి. ఎండబెట్టిన మల్బరీ పళ్ళు నములుతూ మామ కేకలన్నీ తాపీగా విని అడిగింది.

"పెద్దాయనా, అత్తాబీ చారలబట్ట ఎక్కడిది?"

"బగ్దాదుది. అక్కడి పేట పేరే అత్తాబీ."

"ఇస్ఫహాన్‌లోనూ నేస్తున్నారే. పేట లేచి నడిచొచ్చిందా?"

సంతంతా గొల్లున నవ్వింది. మామ మొహం కందగడ్డైంది.

"నా కళ్ళకి గంతలు కట్టండి! నేను నేసింది తాకి పట్టుకుంటా. పట్టుకోలేకపోతే మళ్ళీ ఈ సంతలో నోరెత్తను!"

కట్టారు. మామ తెచ్చిన బట్టనీ వర్దానా బట్టల్నీ కలిపి గుట్ట పోశారు. మామ ఒక్కొక్కటీ తడిమాడు. "ఇది గోనె. ఇది గాడిద మీదకి పనికొస్తుంది." చివరికి ఒకటి దొరికింది. చెంపకి ఆనించి రుద్దుకున్నాడు. "ఇదిగో, ఇదీ నా చెయ్యి."

గంతలు విప్పారు. అది మాహస్త్ నేసింది. గాడిద మీదకి పనికొస్తుందన్నది మామది!

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, ఆపుకోవడం నావల్ల కాలేదు. మామ మాత్రం చేతిలో బట్ట వదల్లేదు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా ఆయన పెళ్ళికి జందనా బట్ట పెట్టాడు. దాన్ని పోగుపోగూ విప్పి నేర్చుకున్నా. పెళ్ళిబట్ట పాడుచేశానని మా అత్త ఇప్పటికీ తిడుతుంది."

వారం తిరక్కుండా మామ గడ్డానికి గోరింటాకు పెట్టుకుని వర్దానా దారి పట్టాడు. ఎందుకని అడిగితే నా నెత్తిన మొట్టాడు.

పెళ్ళికి ఆమె ఒప్పుకుంది, కానీ ముసలి అత్తని వదిలి రానంది. మామే అక్కడికి వెళ్ళాలి. మామ మా ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కడ నేస్తే నాదీ దొంగ సరుకే కదే చెల్లీ. ఆ మాట అంది నేనే కదా."

మా అమ్మ రొట్టెలు కాలుస్తూ కసిరింది. "ఊరి పేరు నీకు వండి పెడుతుందా, జ్వరమొస్తే పక్కన కూర్చుంటుందా? ఇన్నేళ్ళూ కూర్చుందా? లే, వెళ్ళు!"

మామ మగ్గం ఊడదీసి గాడిదలకెత్తాడు. "ఇల్లరికపు పెళ్ళికొడుకో!" అని ఊరంతా ఈలలు వేస్తూ పొలిమేర దాకా వచ్చింది. మామ సిగ్గుపడుతూ, ఒక పక్క నవ్వుతూ, ఇంకో పక్క కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

పుచ్చకాయలు కోతకొచ్చాక చూడ్డానికి వెళ్ళాను. మామ నేల మీద బోర్లా పడుకుని, పరిచిన కొత్త బట్ట మీద వేళ్ళు జరుపుతున్నాడు. నేనొచ్చానని తల కూడా ఎత్తలేదు. మా కొత్త అత్త మాహస్త్ పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుతోంది.

"ఏం పోయింది మామా?"

"ఈ బట్ట సగం నేను నేశాన్రా, సగం మీ అత్త నేసింది. నాదెక్కడ ఆగిందో పొద్దుట్నించీ వెతుకుతున్నా. దొరకట్లేదురా!"