హెరాల్డ్ దగ్గు

చోడవరంలో అనకాపల్లి రోడ్డు పక్క షెడ్డు నడిపే మెకానిక్ షరీఫుద్దీన్ ఏ బండికీ చూసి రోగం చెప్పడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. ఆ ఏడు చెరకు రైతు సత్యారావు ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇరవై ఏళ్లుగా షరీఫుద్దీన్ చేతిలోనే బతికిన తన రెండు తలుపుల హెరాల్డ్ కారు పక్కన దాన్ని ఆపి, "ఏది మంచిదో నువ్వే సెప్పు సాయిబూ. నువ్వు ఉంచమంటే పాతది ఉంచేస్తాను" అన్నాడు. షరీఫుద్దీన్ రెండిటినీ విన్నాడు. ఇంజను విషయంలో అతను అబద్ధమాడడు. "కొత్తదే బాబూ. దీనికి ఆయాసం నేదు. మన ముసిల్ది దగ్గుతంది" అన్నాడు. వారం తిరక్కుండా హెరాల్డ్ తుక్కుకు పోయింది.

మాఘమాసంలో రావికమతం దగ్గర చెరకు గానుగ సరిగ్గా లాగడం లేదని పిలిస్తే వెళ్లాడు. గానుగ తిప్పడానికి తుక్కులో కొని బిగించిన పాత కారు ఇంజనుకు స్క్రూడ్రైవర్ ఆనించగానే ఆ దగ్గే వినబడింది. చాలాసేపు కళ్లు తెరవలేదు. గానుగ రైతు కంగారుపడి, "ఏటి సాయిబూ, పోయిందేటి?" అన్నాడు.

"నేదు. ఇంకా పదేళ్లు నడుస్తాది."

ఆ మాట ఆవేళ సత్యారావు అడగలేదు. తనూ చెప్పలేదు.