వెంకమ్మ లాగని చెయ్యి

1936లో నేను ఏలూరులో ఒక ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో హెడ్ నర్సుని. మిడ్‌వైఫరీ, అంటే పురుడు పోసే విద్య, మద్రాసులో నేర్చుకుని వచ్చాను. మాకున్నది ఒక్క లేడీ డాక్టరుగారు. ఇటు తాడేపల్లిగూడెం వైపు నుంచీ అటు కొల్లేటి లంకల నుంచీ కాన్పు కష్టమైన వాళ్లంతా ఆవిడ కోసమే వచ్చేవారు. చాలామంది చెయ్యి దాటిపోయాక వచ్చేవారు.

"ఇంకో డాక్టరు కావాలని పైవాళ్లకి రాసి రాసి విసిగిపోయానండీ. డాక్టరు తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఊళ్లలో ఉన్న మంత్రసానులకే మనం నేర్పుదాం," అన్నారు ఆవిడ ఒకరోజు. నేర్పే పని నాకు అప్పగించారు.

మొదటి బ్యాచ్‌లో ఒక లంక నుంచి వెంకమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, చేపలు పట్టే కుటుంబం, అక్షరం ముక్క రాదు. నేను పుట్టకముందు నుంచీ పురుళ్లు పోస్తోంది. గోళ్లు కత్తిరించుకోమంటే నవ్వింది. కత్తెర మరగబెట్టమంటే, "కత్తెరేం చేప కాదు గదండీ, ఉడకబెట్టడానికి," అంది. ఈమెకి నేర్పడం నా వల్ల కాదనుకున్నాను.

ఒకరోజు గుడ్డబొమ్మ పట్టుకుని ట్రాన్స్‌వర్స్ లై గురించి చెప్పాను. బిడ్డ తల కిందికి లేకుండా కడుపులో అడ్డంగా ఉండడం అది. అప్పుడు ముందుగా చెయ్యి బయటికి రావచ్చు. "ఆ చెయ్యి పట్టుకుని లాగకూడదు. లాగితే ఇద్దరికీ ప్రమాదం," అన్నాను. అందరూ తలూపారు, వెంకమ్మ తప్ప. పాఠం అయ్యాక ఒక్కతే నా దగ్గరికి వచ్చింది.

"లాక్కూడదని నాకూ తెలుసండీ నర్సమ్మగారూ. నా ఈ చేతుల్లోనే ఒక పిల్ల పోయింది. లాగకపోతే ఏం చెయ్యాలో మాకు చెప్పినోళ్లు లేరండీ."

ఆ రోజు నుంచి ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. వార్డులో గర్భిణుల పొట్ట మీద చెయ్యి వేయించి, తల ఎక్కడుందో చెప్పమనేదాన్ని. నెల తిరక్కుండానే నాకంటే ముందు చెప్పేసేది.

శిక్షణ ముగించుకుని వెంకమ్మ లంకకి వెళ్లిపోయింది. ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం ఆసుపత్రి గుమ్మంలో ఎడ్లబండి ఆగింది. బండిలో ఇరవయ్యేళ్ల అమ్మాయి, పక్కన వెంకమ్మ. బిడ్డ ఇంకా కిందికి జారకుండా అమ్మాయి నడుము కింద గడ్డి ఎత్తుగా పేర్చి ఉంది. బయటికి వచ్చిన చిన్న చెయ్యి శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంది.

"పొద్దున నొప్పులు మొదలవగానే చూశానండీ, తల కుడిపక్కనుంది. ఏలూరు పోదామంటే వీళ్ల అత్తగారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. దోనె దిగి బండెక్కాక ఉమ్మనీరు పోయింది, చెయ్యి వచ్చేసింది," అంది వెంకమ్మ.

"లాగమ్మా అంటే లాగదండీ," అంది బండి వెనకే నడిచి వచ్చిన అత్తగారు. "మా పెద్దకోడలికి ఈవిడే పురుడు పోసింది. చదువుకొచ్చాక చేతగాకుండా పోయింది."

వెంకమ్మ అమ్మాయిని బండిలోంచి దించడానికి చెయ్యి పట్టింది.

నేను క్లోరోఫాం ఇచ్చాను. డాక్టరుగారు వెర్షన్ చేశారు, అంటే తన చెయ్యి లోపలికి పోనిచ్చి, బిడ్డని తిప్పి, కాళ్లు పట్టి దించడం. ఆడపిల్ల. నీలంగా, కదలకుండా వచ్చింది. నోరు తుడిచి వీపు రుద్దుతూనే ఉన్నాను. ఇక లాభం లేదనుకుంటుండగా సన్నగా ఏడ్చింది. తల్లి కూడా గండం నుంచి బయటపడింది.

వరండాలో కూర్చున్న వెంకమ్మ దగ్గరికి డాక్టరుగారు వెళ్లారు. "దారిలో మీరేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండీ. చెయ్యకుండా కూచోడమే చాలా కష్టమైంది," అంది. డాక్టరుగారు ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మీరు లాగి ఉంటే నాకు చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు వెంకమ్మగారూ," అన్నారు. అత్తగారు ఆ మాట విని తల దించుకుంది.

తర్వాత ఎన్నో పెద్ద ఆపరేషన్లు చూశాను. గర్వంగా చెప్పుకునేది మాత్రం ఈ కేసే. డాక్టర్లు లేనిచోట నేర్పడమంటే డాక్టరు చేసే పనులన్నీ నేర్పడం అనుకునేదాన్ని. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు బయల్దేరాలో తెలిసిన మనిషి ఒకరు లంకలో ఉంటే, అక్కడి ఆడవాళ్లకి ఏలూరు డాక్టరు అంత దగ్గరైనట్టేనని ఆ రోజు తెలిసింది.

తర్వాతి బ్యాచ్‌కి చెయ్యి లాగకూడదనే ఆ పాఠం నేను చెప్పలేదు. వెంకమ్మని ముందు నిలబెట్టి, నేను వెనక బల్ల మీద కూర్చున్నాను.